రఫీకి దక్కని అనుమతి

కొన్నేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకోవడం చేతకాలేదు. రాయడం నాకు అలవాటు లేదు, మూడో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

పోర్టులో మూటలు మోసేవాణ్ణి. నడుం పోయాక, పాతూళ్లో మౌలానా గారి ఇంట్లో పనికి కుదిరాను. ఆయన హదీసు పండితుడు. ప్రవక్త గారు చెప్పారని జనం అనుకునే మాటలు నిజంగా ఆయనవేనా అని తేల్చడమే ఆయన జీవితం. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వాళ్లు ఎలాంటి మనుషులు అని వెతికేవారు. మధ్యలో ఒక్కడు అబద్ధాలకోరని తేలినా ఆ మాట పక్కన పెట్టేసేవారు. ఎవరో ఫోన్లో పంపిన ఒక్క వాక్యం కోసం రోజంతా అరబీ పుస్తకాలు దింపించేవారు. దింపేది నేనే, సర్దేది నేనే.

రఫీ ఆయన శిష్యుడు. పూర్ణా మార్కెట్లో పళ్ల కొట్టు వాడిది. ఒకరోజు మిగతా శిష్యులందరి ముందూ నాతో అన్నాడు:

“ఏటి బావా, పుస్తకాన్ని తలకిందులుగా ఎట్టేసావ్? దానికి కళ్లు తిరగవేటి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండింది. ఎందుకంత మండింది? నాకు చదువు రాదన్నది నాకు తెలియనిదా?

కొన్నాళ్లకి మౌలానా గారు రఫీకి ఇజాజత్ ఇద్దామనుకున్నారు. అంటే, తన దగ్గర నేర్చుకున్న హదీసులు ఇక వాడు ఇతరులకు బోధించవచ్చని గురువు ఇచ్చే అనుమతి. ముందు నన్ను పిలిచారు.

“రఫీ బేరంలో నిజం చెప్తాడా బేటా? నువ్వు మార్కెట్‌కి వెళ్తుంటావు కదా.”

“లేదు హజ్రత్. పాత పళ్లని ఇయ్యాలే వచ్చాయని ఒట్టేసి అమ్మేత్తన్నాడు.”

“ఎవరైనా చెప్పారా? నువ్వే విన్నావా?”

“నానే ఇన్నాను.”

ఆయన తల దించుకున్నారు. “ఇంకెవరికీ చెప్పకు. సాటి మనిషి తప్పు కప్పి ఉంచాలి.”

రఫీని పిలిచి అడిగి ఉంటే నా అబద్ధం ఆ పూటే బయటపడేది. వాడి పరువు పోకూడదని అడగలేదు. ఇజాజత్‌కి ఇంకొంతకాలం ఆగమని వాడికి చెప్పారు, ఎందుకో చెప్పలేదు. ఆయన మంచితనమే నన్ను దాచింది. మరుసటి రోజైనా నేను నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటుండగానే ఆయన పోయారు.

రఫీ ఇప్పటికీ పళ్లు అమ్ముతున్నాడు. ఎవరైనా హదీసు అడిగితే, తనకు అనుమతి లేదని వేరేవాళ్ల దగ్గరికి పంపేస్తాడు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నాడు. ఒకసారి నన్నే అడిగాడు, గురువు గారు ఎందుకు ఆపారో తెలుసా అని. తెలీదన్నాను.

నేనిప్పుడు నిజం చెప్పినా ఆ అనుమతి ఇచ్చే మనిషి లేరు. క్షమించమని రఫీని ఏ ముఖంతో అడగను?

వాడు ఏనాడూ అలా అమ్మలేదు. నేనేమీ వినలేదు. కల్పించాను. ఇంత చిన్న మాట రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అలసిపోయాను. బరువు దిగిందని అనను. ఊపిరి మాత్రం ఆడుతోంది.