షోగన్ గారి సైన్యానికి అరవై పిలకలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక పుస్తకంగా అచ్చువేస్తే దాన్ని మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. అయితే వాటిలో చాలావాటికి సాక్షులు లేరు కాబట్టి పరువుగానే బతుకుతున్నాను. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం రాజోలులో ఐదుగురు సాక్షులున్నారు. ఐదుగురూ ఆరోగ్యంగా ఉన్నారు. ఐదుగురికీ జ్ఞాపకశక్తి అమోఘం. వాళ్ళెవరైనా మీకు చెప్పేలోగా నేనే చెప్పేసుకుంటే కాస్తయినా మర్యాద మిగులుతుందని ఆశ.

తొంభైల చివరి మాట ఇది. రాజోలు బస్టాండు దగ్గర నాకు పళ్ళ సెట్లు కట్టే కొట్టు ఉండేది. డాక్టర్లు కొలతలు పంపితే నేను చిగుళ్ళు పోతపోసి, పళ్ళు అమర్చి పంపేవాణ్ణి. కొట్టుకి ఎదురుగా రాంబాబు ఫొటో స్టూడియో. సన్నటి కుంచె పట్టుకుని నెగెటివ్ మీదే మొటిమలు చెరిపి, మెల్లకన్ను సరిచేసి, ఎన్నో పెళ్ళి సంబంధాలు కుదిర్చిన చెయ్యి అతనిది. మాకు చుట్టరికం ఏమీ లేకపోయినా అతను నన్ను బావగారూ అనేవాడు, నేను అతన్ని బావగారూ అనేవాణ్ణి. మా ఆవిడ వరలక్ష్మి, వాళ్ళావిడ సత్యవతిగారు వదినగారూ వదినగారూ అనుకుంటూ కూర గిన్నెలు మార్చుకునేవారు.

ఇలా చల్లగా ఉన్న మా బతుకుల్లోకి చీఫ్ గారు వచ్చారు. ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి, రిటైరై ఊళ్ళో ఇల్లు కట్టుకుని, పళ్ళ సెట్టు కోసం నా కొట్టుకి వచ్చారు. జపాన్ రేవుల్లో నెలల తరబడి ఉన్న మనిషి. అక్కణ్ణుంచి ఓ పెట్టెడు బొమ్మల పుస్తకాలు తెచ్చుకున్నారు. బొమ్మ సైనికులతో బల్లమీద యుద్ధం ఆడటం ఆయన సరదా. మేడమీద హాల్లో పెద్ద చెక్కబల్ల వేసి, దానిమీద ఇసకతో కొండలూ, రంపంపొట్టుకి ఆకుపచ్చ రంగు వేసి పొలాలూ చేశారు. సైనికుడు ఎంత దూరం నడవాలో టైలర్ టేపుతో కొలవాలి, తుపాకీ గుండు తగిలిందో లేదో పాచిక వేసి తేల్చాలి. ఆడటానికి మనుషులు కావలసివచ్చి నన్నూ రాంబాబునీ చేరదీశారు.

ఆయన ఎంచుకున్న యుద్ధం పందొమ్మిదో శతాబ్దంలో జపాన్ వాళ్ళు జపాన్ వాళ్ళతోనే చేసుకున్నది. ఒక పక్క చక్రవర్తి పక్షం, ఇంకో పక్క షోగన్ పక్షం. షోగన్ అంటే చక్రవర్తి పేరు చెప్పి రాజ్యం నడిపిన పెద్ద సేనాపతి. చీటీలు వేస్తే చక్రవర్తి రాంబాబుకి వచ్చాడు, షోగన్ నాకు తగిలాడు. చరిత్రలో ఓడిపోయింది షోగనే అని చీటీ తీశాక చెప్పారు.

సైనికుల్ని మస్కట్‌లో ఉన్న రాంబాబు బావమరిది పంపాడు, రెండు సంచులు. అందరూ ఆకుపచ్చ ప్లాస్టిక్ మనుషులు, నెత్తిన ఇనప టోపీలు, చేతుల్లో మరతుపాకులు. వాళ్ళని నూరేళ్ళు వెనక్కి తీసుకెళ్ళి జపాన్ వాళ్ళని చెయ్యడం మా పని. టోపీ అరగదియ్యాలి, తుపాకీ మార్చాలి, నడుముకి గుండుసూదితో కత్తి పెట్టాలి. అరగదియ్యడానికి నా దగ్గర పళ్ళ మిషను ఉంది, పోతపొయ్యడానికి చిగుళ్ళ పొడి ఉంది. ఈ విద్యలో నన్ను మించినవాడు కోనసీమలో పుట్టలేదనుకున్నాను.

నెల తిరిగాక ఇద్దరం సైన్యాలు పట్టుకెళ్ళాం. రాంబాబు పెట్టె తెరిచాడు. చక్రవర్తి సేనలో కొందరు దొరలు భుజాల దాకా వేలాడే ఎర్రటి జుట్టు టోపీలు పెట్టుకునేవారట. రాంబాబు ఆ జుట్టు చేశాడు. గింజంత తలమీద నిప్పు అంటుకున్నట్టు ఎర్రటి జూలు, దాని కింద రెండు కళ్ళు, ఆ కళ్ళలో కోపం కూడా ఉంది. చీఫ్ గారు భూతద్దం పెట్టుకుని పది నిమిషాలు చూశారు. తర్వాత నా పెట్టె తెరిచారు. నా దగ్గరున్నది చిగుళ్ళ పొడే కదా, అది గులాబీ రంగే కదా. షోగన్ మనుషులు నడినెత్తి గొరిగించుకుని వెనక పిలక ముడుచుకునేవారు. నా అరవై మందికీ గులాబీ రంగు బోడిగుండ్లు నిగనిగలాడుతున్నాయి.

చీఫ్ గారు చాలా మర్యాదస్తులు. "బావున్నాయండి మూర్తిగారూ. వీళ్ళకి చిగుళ్ళు గాని వాచేయా?" అన్నారు.

ఆ ఒక్క ముక్క అని మళ్ళీ భూతద్దం పట్టుకుని ఎర్రజుట్టు వైపు వెళ్ళిపోయారు. మేం బయల్దేరే ముందు ఇంకో మాట చెప్పారు. మూడు వారాల తర్వాత ఆదివారం అసలు యుద్ధం. ఆ రోజు రెండు సైన్యాల్లోకీ మంచి బొమ్మ ఒకటి ఎంచి, తన అద్దాల బీరువాలో ఓడ బొమ్మ పక్కన నిలబెడతారట. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఎర్రజుట్టు మీదే ఉన్నాయి.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. వరలక్ష్మి గుత్తివంకాయ కూర వడ్డిస్తే, తొడిమతో సహా ప్రతి వంకాయా కిరీటం పెట్టుకున్న చక్రవర్తిలా కనిపించింది. కడుపులో మంట అంటే అజీర్తి అనుకుని ఆవిడ మజ్జిగ ఇచ్చింది. మజ్జిగకి తగ్గే మంటా అది? కొట్టులో కూర్చుంటే ఎదురుగా స్టూడియో బోర్డు. ఆ బోర్డు మీద అక్షరాలు కూడా నాకంటే అందంగా ఉన్నాయనిపించేది.

సిగ్గు విడిచి, ఆ జుట్టు దేంతో చేశారని రాంబాబుని అడిగాను. అతను దాచలేదు. కొబ్బరి పీచులో లోపలి సన్నపోగులు ఏరి, రాత్రంతా నానబెట్టి, ఎర్ర సిరాలో ముంచి, పాత పళ్ళబ్రష్‌తో దువ్వానన్నాడు. ఇంటికొచ్చి అలాగే చేశాను. నాది గిన్నెలు తోముకునే పీచులా తయారైంది. అతను నిజం చెప్పాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, అసలు కిటుకు దాచుకుని నాకు పీచు అంటగట్టాడని తీర్మానించుకున్నాను. అసూయపడేవాడికి ఎదుటివాడి నిజం కంటే పెద్ద అబద్ధం ఇంకోటి కనపడదు.

నా వాళ్ళకి కూడా అలాంటి జూలు పెట్టుకోవచ్చా అని చీఫ్ గారిని అడిగితే, షోగన్ పక్షానికి పిలకలే తప్ప జూలు లేదని పుస్తకం తెరిచి చూపించారు. చరిత్ర విషయంలో ఆయన కోర్టు జడ్జీ కంటే ఖచ్చితం. సరే, పిలకలేగా? నిజమైన జుట్టుతో పెడితే?

సరిగ్గా ఆ మాట అనుకున్న పూటే, దువ్వెన కోసం నేను వరలక్ష్మి సొరుగు తీస్తే కాగితంలో చుట్టిన సవరం కనబడింది. నల్లగా, నున్నగా, మూరెడు పొడుగు. మా ఆవిడ మొన్న చెల్లెలి నిశ్చితార్థానికి కొత్తపేట వెళ్ళినప్పుడు జడ బారుగా ఉన్నట్టు లీలగా జ్ఞాపకం. భార్యకి సవరం ఉందో లేదో కూడా తెలియని మొగుణ్ణి నేను. ఎప్పుడో ఏడాదికోసారి పెట్టుకునేదానికి చివర కాస్త కత్తిరిస్తే ఏం తెలుస్తుంది అనుకున్నాను.

చివర కాస్తతోనే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ ఆ పిలక పెట్టగానే సైనికుడికి ప్రాణం వచ్చింది. పది పిలకలయ్యాక ఇరవై, ఇరవై అయ్యాక అరవై. బల్లేలకి కుచ్చులుంటే బావుంటుందనిపించింది. సేనాపతి కోసం పోతపోసిన గుర్రానికి జూలు కావాలనిపించింది. కుదురుగా ఉంటుందని పైన కుట్టిన ముడి దగ్గర కత్తెర పెట్టాను. అంతే, దారం తెగి సవరం మొత్తం గుప్పెడు వెంట్రుకలై నా ఒళ్ళో పడింది. ఇంక దాచుకుని ఏం లాభమని ఉన్నదంతా వాడేశాను. మొదట్లో కత్తిరించి పక్కన పెట్టిన సవరం కొసని ఎవరో మెరూన్ పట్టుదారంతో అందంగా ముడేశారు. ఆ కొసని ముడితో సహా తీసి గుర్రానికి తోక పెట్టాను. బోడిగుండ్లకి కూడా ఈసారి మాంసం రంగు వేశాను.

యుద్ధం ఆదివారం వచ్చింది. పెట్టె చంకలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే వరలక్ష్మి వంటింట్లోంచి అడిగింది, సొరుగులో సవరం చూశారా అని. ఏ సవరం అన్నాను.

"సత్యవతి వదినగారిదండీ. కొత్తపేట వెళ్ళేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను. ఇవేళ ఇచ్చేస్తానని చెప్పేను."

నా కాళ్ళు చెప్పుల్లో అలాగే ఉండిపోయాయి. అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నేను మనిషినయ్యేవాణ్ణి. కానీ కళ్ళముందు అద్దాల బీరువా మెరిసింది. వచ్చాక వెతుకుదాంలే అన్నాను. పైగా సత్యవతిగారు చీఫ్ గారి మేడ ఎప్పుడూ ఎక్కలేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఆ రోజు చీఫ్ గారి భార్య ఆడవాళ్ళనీ టిఫినుకి పిలిచిందని నాకెవరూ చెప్పలేదు.

పెట్టె తెరిచాను. చీఫ్ గారు భూతద్దం పట్టుకుని వంగారు. ఒక నిమిషం, ఐదు, పది, పదిహేను నిమిషాలు. నేను లెక్కపెట్టాను. రాంబాబు కూడా వంగి చూశాడు. అతని మొహంలో అసూయ కోసం ఆత్రంగా వెతికాను. దొరికింది సంతోషం. అది చూసి నాకు ఇంకా మండింది.

"పిలకలు మటుకు అచ్చం నిజం జుట్టేనండి. ఎక్కడ సంపాదించేరండీ బావగారూ?" అన్నాడు.

గుర్రపు వెంట్రుకలనీ, కాకినాడనుంచి మనిషిచేత తెప్పించాననీ చెప్పాను. జపాన్‌లో కూడా ఇంత మంచివి దొరకవన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు. గుర్రం జాతిని బట్టి నునుపు ఉంటుందని కూడా వివరించాను.

అప్పుడే ముగ్గురు ఆడవాళ్ళూ పెసరట్ల పళ్ళాలతో మేడెక్కి వచ్చారు. సత్యవతిగారు పళ్ళెం పక్కన పెట్టి, సరదాగా చూద్దామని బల్ల దగ్గరికి వచ్చారు. గుర్రమ్మీద ఉన్న మా సేనాపతిని చేతిలోకి తీసుకున్నారు. ముందు మొహం చూశారు, తర్వాత తిప్పి తోక చూశారు. ఆ మెరూన్ ముడిని బొటనవేలితో తడిమారు.

"అన్నయ్యగారండీ," అన్నారు మెల్లిగా, "ఈ గుర్రం నాదేనండి."

వరలక్ష్మి నా వైపు చూసింది. ఆ చూపుకి ముప్ఫైరెండు పళ్ళూ కదిలాయి. సత్యవతిగారు బల్లమీద బారులు తీరిన అరవై మందినీ ఈ చివర్నుంచి ఆ చివరికి చూసుకుంటూ వెళ్ళారు.

"ఇంతమందికీ నా జుట్టేనాండీ?"

"ఆయ్," అన్నాను.

ఇంటర్ చదివే రోజుల్నుంచీ దువ్వెనలో రాలిన ప్రతి వెంట్రుకా దాచుకుని కట్టించుకున్న సవరమట అది. దారం ఆవిడ పెళ్ళి పట్టుచీర అంచులోదట. ఆవిడ తిడితే బావుండును. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని గుర్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. నేను క్షమించమన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. ఆవిడ లేచి గుర్రాన్ని మళ్ళీ బల్లమీద నిలబెట్టారు.

"సవరం ఎలాగూ రాదు గదండీ. జుట్టు నాదయినప్పుడు మనుషులూ నావాళ్ళే. లేవండి, నేను ఆడతాను."

నేను లేచాను. నా కుర్చీ నాకే దూరమైంది. ఎంత దూరం జరపాలో, పాచిక ఎన్నిసార్లు వెయ్యాలో చీఫ్ గారిని రెండు ప్రశ్నలడిగి మొదలుపెట్టారు. మూడు గంటల్లో ఎర్రజుట్టు దొరల్ని కొండ మీంచి దింపి, వాగు దాటించి, బల్ల అంచుదాకా తరిమారు. రాంబాబు ఓడిపోతూ కూడా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. చీఫ్ గారు మాత్రం పుస్తకం తిరగేస్తూ విలవిల్లాడిపోయారు.

"జపాన్‌లో ఇలా జరగలేదమ్మా."

"అక్కడ నేను లేను గదండీ," అన్నారు సత్యవతిగారు, పాచిక వేస్తూ.

అద్దాల బీరువాలోకి గుర్రమ్మీది సేనాపతే వెళ్ళాడు. నా చేత్తో చేసిన బొమ్మ, నేను కలలుగన్న చోటు. కింద అట్టముక్క మీద చీఫ్ గారు తన చక్కటి దస్తూరీతో రాసిన పేరు సత్యవతిగారిది. అమలాపురంనుంచి కొత్త సవరం తెచ్చి ఇచ్చాను. ఆవిడ చాలా బావుందండి అని తీసుకున్నారు, ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. వరలక్ష్మి నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు మాట్లాడింది, అంతకుముందే బావుంది.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో దొరికిన ఏ వస్తువునీ, అది ఎవరిదో అడగకుండా, ఇకమీదట ఏ దేశపు యుద్ధానికీ పంపను. ఎవరి మీదా అసూయ కూడా పడనని ఇంకో వాక్యం రాద్దామనుకున్నాను. కానీ సత్యవతిగారు ఆ తర్వాత వరసగా నాలుగు యుద్ధాలు గెలిచారు. అందుచేత ఆ వాక్యం రాయడం లేదు.