సగం మాత్రల లెక్క

మణికొండ నుంచి వెళ్తున్న బస్సులో, వాచ్‌మన్ బట్టల్లో ఉన్న పెద్దాయన నా పక్కన కిటికీ సీట్లో కూర్చుని మాత్రల అట్ట తీశాడు. దాని పేరు ఆ పొద్దున్నే పేపర్లో చదివాను. నల్లమందులా మత్తెక్కించే కొత్తరకం నొప్పి మందు. దానితో కుర్రాళ్లు చచ్చిపోతున్నారని ప్రభుత్వం ఉన్నపళంగా కట్టడి చేసింది.

"ఈ మందుని కట్టడి చేసి మంచి పని చేశారండి సర్కారువాళ్లు," అన్నాను, ఆయన అడగకుండానే.

"మంచిదే సారూ. కానీ మా ఇంటామెకు ఎముకల క్యాన్సర్. మొన్నటిదాంక ఇచ్చిన షాపాయన ఇయ్యాల ఇయ్యనన్నడు. పెద్ద దవాఖాన చీటీ కావాల్నంట. ఆ డాక్టర్ సోమవారం గాని రాడు. ఇగ పదమూడే ఉన్నయ్. రోజుకు మూడు ఏస్తం."

"నాలుగు రోజులొస్తాయి. ఒకటి మిగులుతుంది," అన్నాను వెంటనే. బడిలో నేర్చుకోకపోయినా నోటిలెక్కలో నాకు తిరుగులేదని గర్వం.

ఆయన సోమవారం దాకా వేళ్లు మడిచి చూసుకున్నాడు. "సగం సగం ఏస్తే?"

"ఎనిమిది రోజులు. రెండు సగాలు మిగులుతాయి."

సగం మందుతో ఆమె ఎలా ఓర్చుకుంటుందని నేను అడగలేదు. లెక్క తప్పలేదన్న సంతోషంలో ఉన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గచ్చిబౌలిలో ఆయన లేచి, "సల్లగుండాలె సారూ, జర ఫికర్ తగ్గింది," అని దిగిపోయాడు.

నేను ఆయన ఖాళీ చేసిన కిటికీ సీట్లోకి జరిగాను.