పేరు లేని ఎనిమిది తీగలు

ఆఫీసులో ఆమెను అందరూ స్కేలమ్మ అంటారు. కంప్యూటర్లు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా స్టీలు స్కేలు చేతిలో లేనిదే ఆమెకు పని సాగదు. తెర మీది గీతకు కూడా స్కేలు ఆనించి చూస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుకున్నారు, ఆమె లెక్కచేసిందెప్పుడు?

సర్క్యూట్ బొమ్మలు గీయడం ఆమె ఉద్యోగం. ఆ విభాగానికి ఇప్పుడు పెద్ద, ఆమె మేనల్లుడే. పెన్సిల్ పట్టుకోవడం వాడికి ఆమే నేర్పింది. ఇంట్లో 'అత్తా' అంటూ వెనకాలే తిరిగినవాడు, కుర్చీ ఎక్కాక 'మేడమ్' అనడం మొదలుపెట్టాడు. పోనీలే, వాడి ముచ్చట వాడిది అనుకుంది.

రోగికి మందు బొట్టు బొట్టుగా ఎక్కించే యంత్రం కోసం ఆమె ఒక బొమ్మ గీసింది. రెండు చిప్పుల మధ్య ఎనిమిది తీగలు. వాటన్నిటినీ ఒక లావు గీతలోకి చేర్చి చూపిస్తారు, దాన్నే బస్సు అంటారు. ఆ లావు గీత మన కంటి కోసమే. అటు తీగకీ ఇటు తీగకీ ఒకే పేరు రాస్తేనే అవి రెండూ కలిసినట్టు సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది. ఆ చిన్న చిన్న పేర్లు చీమల బారులా ఉన్నాయని మేనల్లుడు పొద్దున్నే వచ్చి అన్నీ చెరిపేశాడు. ఎర్ర హెచ్చరికలు వస్తుంటే విసుగేసి వాటినీ ఆపేశాడు. 'గీసినవారు' అన్న గడిలో మాత్రం ఆమె పేరు అలాగే ఉంచాడు.

"సాయంత్రానికి ఈ బొమ్మని సర్క్యూట్ బోర్డు తయారీకి పంపాలి మేడమ్. సంతకం పెట్టేయండి."

"పెట్టను."

"కస్టమర్‌కి శుభ్రంగా కనిపించాలి కదా! తీగలన్నీ బస్సులోనే ఉన్నాయిగా?"

ఆమె తీగల జాబితా ప్రింటు తీసి బల్ల మీద పరిచి, స్కేలు ఆనించింది.

"చూడు. ఎనిమిదింటికీ ఒక్కో కొసే ఉంది. రెండో కొస ఏదిరా?"

"బోర్డు వచ్చాక చూసుకుందాం. ఇలా మొండికేస్తే రేపట్నుంచి మిమ్మల్ని స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టాల్సి వస్తుంది."

ఆమెకు ఒళ్లు మండింది. భయం వేయలేదని కాదు. ముప్ఫై ఏళ్లుగా కూర్చున్న కుర్చీ అది, స్టోర్‌రూమ్‌కి కిటికీ కూడా లేదు. అయినా తెర మీద 'గీసినవారు' గడిలోకి వెళ్లి తన పేరును ఒక్కో అక్షరమే చెరిపేసింది.

"స్టోర్‌కే పోతాను. మందు ఎంత ఎక్కాలో చెప్పేవి ఆ తీగలే. బొమ్మ ఇలా ఉన్నా చాలనుకుంటే నీ పేరు రాసుకో."

వాడు విసురుగా కీబోర్డు లాక్కున్నాడు. మొదటి అక్షరం కొట్టాడు. కళ్లు జాబితా మీద పడ్డాయి. రెండో అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. కొట్టిన ఆ ఒక్కటీ కూడా చెరిపేసి, కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏ తీగకి ఏ పేరో చెప్పత్తా."

ఆమె మనసు కరిగింది. స్కేలు మాత్రం దించలేదు.

"ఆఫీసులో మేడమ్ అను," అంది. "ముందు ఆ హెచ్చరికలు ఆన్ చెయ్."