రైతును యూజర్ అనమన్న లైబ్రరీ

రెండు వేల ఎనిమిది, తొమ్మిది దాపుల ముచ్చట. ఆర్మూర్‌ల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు ఒకాయన నాకు వెబ్‌సైట్ పని ఇచ్చిండు. రైతులు లాగినై ఆ దినం ధర చూసుకోవాలె. దొంకేశ్వర్ నుంచి బస్తాలేసుకొని ఈడిదాంక వచ్చినంక ధర పడ్డదని తెలిస్తే కడుపు మండదా మరి? అందుకే గా పని నాకు నచ్చింది.

పాస్‌వర్డ్ చూసి మనిషిని లోపటికి పంపే కోడ్ నేను రాయలే. ఎవరన్న వాడుకోవచ్చని ఎవరో రాసి నెట్‌ల ఊకెనే పెట్టిన కోడ్ ఉంటది, దాన్ని లైబ్రరీ అంటరు, అది తెచ్చుకున్న. దానికి ఒక్కటే తిక్క. లాగినయ్యేటోళ్ల జాబితాకు ‘యూజర్’ అన్న పేరే ఉండాలె. నేనేమో ‘రైతు’ అని పెట్టుకున్న. తెరవంగనే ఎర్రర్. నెట్‌ల అడిగితే, పేరు మార్చుకో అని ఒక్క ముక్క రాసి పోయిండొకడు. నాకు మస్తు కోపమొచ్చింది. నేనెందుకు మారుస్త? అడ్తి దుకాణంల రైతును పట్టుకొని యూజర్ అంటడా ఎవడన్న?

మొదలు లైబ్రరీల యూజర్ అని ఉన్న కాడల్ల రైతు అని మార్చి పారేసిన. నడిచింది. తర్వాత దుకాణం గుమస్తాలకు వేరే లాగిన్ పెట్టబోతే వాళ్లను గూడ రైతుల్లనే కలిపేసింది. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

అంత తీసేసి మళ్ల మొదలువెట్టిన. ఎవరు ఏ పేరు పెట్టుకుంటే గా పేరును లైబ్రరీకి ఒక్క లైన్ల చెప్పుకునేటట్టు రాసిన. పొద్దుగాల కూసుంటే పొద్దూకేదాంక అదే పని. అమ్మ నా పక్కనే గోడకు ఒరిగి బీడీలు చుట్టేది. నేను నోరు తెరిచేది లేదు. ఏం చెప్త, ఎవరికి చెప్త? బస్టాండ్ కాడ దోస్తులు కలిస్తే దుబాయ్ వీసాల ముచ్చటే. గీ పని అర్థమయ్యేటోడు ఆర్మూర్ మొత్తంల ఒక్కడు లేడనిపించి ఏడుపొచ్చేది.

రాసినదాన్ని లైబ్రరీ పెట్టినాయనకు మెయిల్ చేసిన. ఆయనది ఏ దేశమో తెల్వది. మంచిగ రాసినవని ఒక్క మనిషన్న అంటే చాలనుకున్న. దినాం మెయిల్ తెరుసుడు, మూసుడు.

ఒకనాడు పగటీలి జవాబొచ్చింది. నువ్వు రాసింది లైబ్రరీల కలుపుకున్న, థాంక్స్ అని. గంతే. కింద ఇంకేమన్న ఉన్నదేమో అని మౌస్‌తోని జరిపి చూసిన. ఏం లేదు.

ఎవరికన్న చెప్పకపోతే పానం ఆగేటట్టు లేదు. “అమ్మా, నేను రాసింది వాళ్లు తీసుకున్నరు” అన్న.

అమ్మ ఒళ్లె ఉన్న చాట పక్కకు పెట్టింది. “అయితే నీ పని ఒడ్శిందా కొడుకా?”

“ఆఁ, ఒడ్శింది.”

“మంచిగైంది. రేపటి సంది పక్కింటి అరుగు మీదికే పోత. నలుగురు ఆడోళ్లతోని ముచ్చట పెట్టుకుంట చుట్టకపోతే నాకు చెయ్యే ఆడదు. నువ్వు ఒక్కనివే కూసుంటున్నవని ఇన్ని దినాలు ఈడ కూసున్న. నువ్వేమో ఒక్కనాడు మాట్లాడకపోతివి.”

నేను స్క్రీన్ దిక్కే చూసుకుంట కూసున్న. ఆమె మొఖం చూడ నాకు చాతకాలే.