బ్లేడు కింద స్నేహితుల బొమ్మలు

ఈ ఉదయం ఇక్కడ ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో పాత సామాన్ల సంతకు వెళ్ళాను. ఒక దుకాణదారు విక్టోరియా కాలం నాటి ఆల్బమ్‌ను బ్లేడుతో పేజీ పేజీగా కోస్తున్నాడు. ఎవరో అమ్మాయికి స్నేహితులంతా స్వయంగా బొమ్మలు గీసిచ్చిన పుస్తకమది. విడివిడిగా ఫ్రేము కట్టి అమ్ముతాడట! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో కింద పడి ఉన్న ఓ పేజీకి నా కాలు తగిలింది. అలవాటు కొద్దీ తీసి కళ్ళకద్దుకున్నాను.

"అంత నచ్చిందా? గ్రాండ్, మంచిది, ఊరికే తీసుకోండి. అందులో బొమ్మ లేదు, ఉత్త పేర్లే" అన్నాడు.

చూస్తే, ఆ అమ్మాయి పేరు, దాని కింద బొమ్మలు గీసినవాళ్ళందరి సంతకాలు!

ఛీ! కాలు తగిలినందుకు నేను దణ్ణం పెట్టుకుంటే, కోసినవాడు టీ తాగుతూ ఇంకో పేజీ కోశాడు. పేర్లు నా ఇంటికొచ్చాయి, బొమ్మలు ఎవరెవరి గోడలకు పోతాయో.

మీ కాలేజీ ఆటోగ్రాఫ్ పుస్తకం ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.