పగడం మీద వేడినీళ్లు

దేవరయాంజాల్‌లో ఒక మాట తిరుగుతోంది. కాలిన మోటార్లకు తీగ చుట్టే మన్నాన్ ప్రాణంగా పెంచుకున్న పగడాన్ని, అతని భార్య సైదా మసిలే నీళ్లు పోసి చంపేసిందట. పాలు పోయడానికి వెళ్లిన దుర్గమ్మ కిటికీలోంచి కళ్లారా చూసిందట: గాజుతొట్టి పక్కన కెటిల్, దాని ముక్కులోంచి పొగలు. పొగల వరకు నిజమే. తక్కినదంతా దుర్గమ్మ వండి వార్చింది.

జరిగింది వేరు. కొంపల్లిలో మాధవీలత అనే ఆమె ఇంట్లో ఉప్పునీటి చేపలతొట్టి ఉంది. దాని పంపు బాగుచేసినందుకు ఆమె మన్నాన్‌కు ఓ పాత చిన్న తొట్టీ, అందులో వేసుకోమని ఒక సముద్రపు రాయీ ఇచ్చింది. కొన్నాళ్లకు ఆ రాయి మీద గోధుమరంగుగా ఏదో మొలిచింది, చుట్టూ చేతివేళ్లలాంటి సన్నటి కొసలతో. పగడమేమోనని మన్నాన్ ఆశ.

అప్పటినుంచి అతను చెప్పులు విడవకముందే తొట్టి ముందు గొంతుక్కూర్చునేవాడు.

"దానికేమన్న వెట్టినవా?"

"నువ్వు తిన్నవా సైదా అని ఎన్నడన్న అడిగినవా?"

అతను తొట్టి అద్దం తుడుస్తూనే ఉండేవాడు. బగారన్నం చల్లారిపోయేది, సైదా కడుపు మండేది. పగడమంటే ఆడదాని మెడలో ఉండాల్సింది. పెళ్లయి ఇన్నేళ్లయినా తన మెడకు ఒక్క పూస రాలేదు. ఇదేమో నీలం దీపం కింద మహారాణిలా కూర్చుంది! పైగా రోజూ దాని ఫోటోలు. "మేడం, ఇయ్యాల జర పెద్దగైంది" అని మాధవీలతతో మురిపెం.

"నా పెండ్లిఫోటో గూడ గిట్ల సూస్కోలే నువ్వు" అనేది సైదా.

చివరికి మాధవీలత ఫోన్లో తేల్చి చెప్పింది. "పుల్లతో మెల్లగా ముట్టుకోండి. చటుక్కున కన్నంలో దూరిందంటే అది పగడం కాదు, కలుపులాంటి జీవి, తొట్టంతా పాకుతుంది. సిరంజితో వేడినీళ్లు కొట్టి చంపేయండి. పగడమైతే కండ ముడుచుకుంటుంది, కింద తెల్లటి ఎముక కనబడుతుంది."

మన్నాన్‌కు చేతులాడలేదు. "నాతోని గాదు సైదా. నువ్వే సూడు. కలుపైతే ఖతం జెయ్" అని దుకాణానికి పోయాడు.

సవతిని తెచ్చి చేతిలో పెట్టినట్టయింది. సైదా మొదట కెటిల్‌లో నీళ్లు మసలబెట్టి తొట్టి పక్కన పెట్టింది, ఆ తరువాతే పుల్ల వెతికింది. యా అల్లా, కలుపే కావాలి! దుర్గమ్మ తొంగిచూసి పరుగెత్తింది అప్పుడే.

సైదా ముట్టుకుంది. అది పారిపోలేదు. భయపడ్డ పిల్లలా మెల్లగా ముడుచుకుంది. కింద, అడ్డంగా కోసిన నిమ్మకాయలా, గీతలు గీతలుగా తెల్లటి ఎముక.

కలుపేనని ఒక్క మాటంటే చాలు. మన్నాన్ నమ్ముతాడు. సైదా సిరంజి చేతిలోకి తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది, పక్కన పడేసింది. ఫోటో తీసి మొగుడికి పంపింది. "ఎముకున్నది. నీ మహారాణి పగడమే."

మన్నాన్ షట్టరు దించి పరుగున వచ్చాడు. తొట్టి దగ్గరికే వెళ్లాడు లెండి.

దుర్గమ్మ మాట చెవిన పడ్డాక, పక్కింటి బుచ్చవ్వ గడపలోనే కూర్చుని నేరుగా అడిగింది.

"నిజం జెప్పు బిడ్డా. నీళ్లు పోద్దామనుకున్నవా, లేదా?"

సైదా ఓసారి తొట్టి వైపు చూసింది.

"అనుకున్ననవ్వా. ఇగ గా నీళ్లతోనే చాయ్ జేస్కొని, దాని ముంగట్నే కూసోని తాగిన. దానికి మాత్రం ఒక్క సుక్క ఇయ్యలే."