ఆపరేటరమ్మ బయోడేటా

ఆసుపత్రిలో ఆవిడను అందరూ ఆపరేటరమ్మ అనేవారు. మెట్ల కింద, కిటికీ లేని గదిలో, టెలిఫోన్ బోర్డు ముందు పందొమ్మిదేళ్లు కూర్చుంది. రెండు వందల లోపలి నంబర్లు ఆవిడకు కంఠతా వచ్చు. మత్తు డాక్టరు గదిలో లేకపోతే క్షౌరశాలకు ఫోన్ చేసి, సగం గడ్డంతో ఉన్న మనిషిని ఆపరేషను గదికి పరుగెత్తించిన ఘనత ఆవిడదే. అలాంటి మనిషిని తీసేసి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని వల్లించే యంత్రాన్ని పెట్టారు.

కొత్త ఉద్యోగానికి బయోడేటా కావాల్సి వచ్చింది. ఆ పని మరిది నెత్తినేసుకున్నాడు. ఉద్యోగాలు ఎలా సంపాదించాలో అతగాడు ఊళ్లోవాళ్లకు క్లాసులు చెబుతాడు. తను మాత్రం ఏ ఉద్యోగంలోనూ ఏడాది నిలిచిన పాపాన పోలేదు.

"వదినా, చేసిన పని పేరు చెప్పకూడదు. అందులో ఉన్న నైపుణ్యం చెప్పాలి. అదైతే ఎక్కడైనా పనికొస్తుంది," అన్నాడు లాప్‌టాప్ తెరిచి.

మాట మంచిదే. రాత చూడాలి. ఫోన్ కలపడం 'బహుముఖ సమాచార అనుసంధానం' అయింది. ఏడుస్తున్నవాళ్లకు ధైర్యం చెప్పడం 'భావోద్వేగ వనరుల నిర్వహణ' అయింది.

"అన్నానికి వెళ్తూ వార్డు ఆయమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. అదీ రాస్తావా?" అని వదిన వేళాకోళమాడింది.

అతడు నవ్వలేదు. 'బృంద నాయకత్వం' అని టైపు చేశాడు.

అంబులెన్సులు నడిపే ఆఫీసులో రెండు ఖాళీలున్నాయి. ఒకటి ఫోను దగ్గర, ఒకటి సామాన్ల గదిలో. ఇంటర్వ్యూ రోజు పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. దర్జీ షాపులో ముప్పై ఏళ్లు బట్ట కత్తిరించిన మనిషి. తన కాగితం చూపించి, "ఈ భావోద్వేగ వనరులంటే ఏంటమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"మా మరిది దగ్గర రాయించుకున్నారా అన్నా?"

ఆయన తలూపాడు.

లోపల మేనేజరమ్మ కాగితం చూసి విసుగ్గా పక్కన పెట్టింది. "ఇదే వాక్యం పొద్దుట్నుంచి నాలుగోసారి చదువుతున్నా. అసలు మీరేం చేసేవారు?"

"ఫోనెత్తేదాన్నండి. అవతల మనిషి ఎంత గాభరాగా ఉన్నా ముందు ఎక్కడున్నారో అడిగేదాన్ని. ఏమైందో తర్వాత. మధ్యలో లైను తెగినా చోటు తెలిసుంటుంది కదా."

మేనేజరమ్మ ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి ఇచ్చింది. "ఇప్పుడు చెప్పిందే ఇక్కడ రాయండి."

ఎనిమిది వాక్యాలు రాసింది. ఉద్యోగం వచ్చింది.

బయటికి రాగానే, "అన్నా, కాగితం జేబులో పెట్టేసి రోజూ చేసే పని చెప్పండి," అంది. బట్ట తాను చూస్తే ఎన్ని మీటర్లో కొలవకుండా చెప్పేస్తానని ఆయనే ఇందాక అన్నాడు. సామాన్ల గదికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆయనకు ధైర్యం చాలలేదు. డబ్బులిచ్చి రాయించుకున్న మాటలాయె. లోపల తడబడుతూ మొత్తం చదివి, వట్టి చేతులతో ఇంటికి పోయాడు.

ఆ ఆదివారం మరిది స్వీట్లు పట్టుకుని దిగాడు. తన రాత ఫలించిందట. వదిన పొట్లం ముట్టుకోలేదు.

"ఆ దర్జీ పెద్దాయన సంగతేంటి?"

"ఆయన సరిగా ప్రాక్టీసు చెయ్యలేదు వదినా."

"చేతిలో పనున్న మనిషిని తీసుకెళ్లి నోరు లేనివాణ్ణి చేశావు. రేపు వెళ్లి ఆయన డబ్బులు ఆయనకిచ్చిరా. ఆ తర్వాతే ఈ గుమ్మం ఎక్కు."

అతడు ఇంకా ఎక్కలేదు.